నేను చూచినది వీపు మాత్రమే

ధ్యాన భాగములు: నిర్గమకాండము 20:16, ద్వితీయోపదేశకాండము 19:15–21, 21:1–9



ఒక బుధవారము రాత్రి గృహ ప్రార్థన ముగిసి, అందరును చెప్పులు వెదకికొని వెళ్లిపోయిన తరువాత, మన సంఘస్థుడొకడు అరుగుమీద అట్లే కూర్చుండిపోయెను. అతడు రెండెకరములు కౌలుకు చేసికొని బ్రదుకువాడు, మాట తక్కువ మనిషి. కొంతసేపటికి చొక్కా జేబులోనుండి మడిచిన కాగితము తీసి నా చేతిలో పెట్టెను. అది సెషన్సు కోర్టు సమను. ఒక హత్య కేసులో సాక్ష్యమిచ్చుటకు ఫలాని తేదీన హాజరు కావలెనని అందులో ఉన్నది.

చనిపోయినవాడు అతనికి దగ్గర బంధువు. కాలువ గట్టుమీద ఆ ఘోరము జరిగిన వేకువజామున ఇతడు మడికి నీరు పెట్టుటకు వెళ్లుచుండెను. కేక విని పరుగెత్తెను. ఒక మనిషి గట్టు దిగి తుమ్మచెట్ల లోనికి పోవుట చూచెను. పొడుగు మనిషి, భుజముమీద తువ్వాలు ఉన్నది. ఇతడు చూచినది వీపు మాత్రమే. ముఖము చూడలేదు.

"పోలీసులకు కూడా అదే చెప్పానండి. ఇప్పుడు మావాళ్లంతా ముఖం చూశానని చెప్పమంటున్నారు. వాడే చేశాడండీ, ఊరందరికీ తెలుసు. చంపుతానని నలుగురిలో అన్నాడు కూడా. నేను ఒక్క మాట కలిపితే కేసు నిలబడుతుంది. కలపకపోతే వాడు మీసం తిప్పుకుంటా ఊళ్లోకొస్తాడు. నిజాన్ని నిలబెట్టటానికి ఒక్క అబద్ధం ఆడితే దేవుడు తప్పు పడతాడా అయ్యగారూ?"

అబద్ధము పాపమని ఆదివార బడి పిల్లవాడైనను చెప్పగలడు. అయితే ఈ మనిషి అడిగిన ప్రశ్న అంత చిన్నది కాదు. అతడు తన లాభమునకై అబద్ధమాడబోవుట లేదు. చనిపోయినవాని భార్య, ఇద్దరు పసిపిల్లలు అతని కన్నుల యెదుట ఉన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. "ఈ రాత్రి ప్రార్థన చేయుదము, రేపు సాయంకాలము రా తమ్ముడూ" అని పంపివేసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణము మన ప్రాంతమున జరిగిన మరియొక కేసు. ఆ కేసులో నేను కూడ ఒక విధమున అబద్ధసాక్షినైతిని.

ఇబ్రహీంపట్నము మీలో అనేకులు ఎరిగిన ఊరే. బెజవాడనుండి హైదరాబాదు రోడ్డున పోవునప్పుడు, కృష్ణ ఒడ్డున, థర్మల్ స్టేషను పొగగొట్టములు కనబడు చోటు అది. బొమ్మల కొండపల్లికి పొరుగు. 2007 డిసెంబరు 27వ తేదీ ఉదయమున, మనము క్రిస్మసు పండుగ జరుపుకొని ఇంకను నక్షత్ర దీపములను దింపకముందే, అక్కడి ఆడపిల్లల హాస్టలులో ఫార్మసీ చదువుచున్న బిడ్డ ఒకతె హతమై కనబడెను. ఆ బిడ్డ పేరు లోకమంతయు పత్రికలలో చదివినది. అయినను నేను ఇక్కడ వ్రాయను. ఆమెపై జరిగిన దౌర్జన్యమును గురించియు వివరించను. చదువుకొని తన కాళ్లమీద నిలువవలెనని ఇల్లు విడిచి వచ్చిన కూతురని మాత్రము జ్ఞాపకముంచుకొందము. మన యిండ్లలోను అట్టి కూతుళ్లు ఉన్నారు.

రాష్ట్రమంతయు కలతచెందెను. నెలలు గడచెను. హంతకుడెవడని ప్రతివారును అడుగుచుండిరి. 2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుని అరెస్టు చేసి, ఇతడే చేసెనని ప్రకటించిరి. అతడు కూలి చేసికొని బ్రదుకు బీద కుటుంబమువాడు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్సు కోర్టు అతడు దోషియని తీర్పు చెప్పి శిక్ష విధించెను. అతడు అప్పీలు చేసికొనెను. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టులో న్యాయమూర్తులు సి.వి. నాగార్జునరెడ్డి, ఎం.ఎస్.కె. జైస్వాల్ గారలు అతనిని నిర్దోషియని విడుదల చేసిరి. దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టి, అతనికి లక్ష రూపాయలు చెల్లించవలెనని చెప్పిరి. అప్పటికి అతడు ఎనిమిదేండ్లకు పైగా జైలులో ఉండెను. యౌవనములో ఎనిమిదేండ్లు! లక్ష రూపాయలు ఆ ఎనిమిదేండ్లతో భాగించి చూడుడి. కూలివానికి దినమునకు ఎంత పడునో మీరే లెక్క వేసికొనవచ్చును.

ఇక నా సంగతి చెప్పవలెను. ఆ 2008 ఆగస్టులో నేను సెమినరీ చదువు ముగించి కొత్తగా పరిచర్యలో ప్రవేశించినవాడను, మరియొక ఊరి సంఘమునకు కాపరిని. అరెస్టు వార్త వచ్చిన ఆదివారము ప్రసంగ పీఠమునొద్ద నిలిచి, "హంతకుడు దొరికినందుకు నీకు స్తోత్రము ప్రభువా" అని బిగ్గరగా ప్రార్థించితిని. సంఘమంతయు "ఆమేన్" అనెను. ఆరాధన అయిన తరువాత, అక్షరము రాని ఒక వృద్ధురాలు గుమ్మమునొద్ద నన్ను నిలిపి, "ఆ అబ్బాయి చేయటం మీరు చూశారా అయ్యగారూ?" అని అడిగెను.

"టీవీలో చూపించారు మామ్మగారూ" అంటిని.

"టీవీవాళ్లు చూశారా బాబూ?" అనెను.

నేను నవ్వి ఊరుకొంటిని. పెద్దామెకు లోకము తెలియదనుకొంటిని. తొమ్మిదేండ్ల తరువాత హైకోర్టు తీర్పును పత్రికలో చదివిన ఉదయమున నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆమె ముఖమే. అప్పటికి ఆమె ప్రభువునొద్దకు వెళ్లిపోయెను. నా తప్పు ఆమెతో ఒప్పుకొనుటకు వీలు లేకపోయెను. అందుచేత ఆ ఒప్పుకోలు ఈ పత్రికలో మీ యెదుట చేయుచున్నాను. నేను బోనులో నిలువలేదు, ప్రమాణము చేయలేదు. అయినను చూడనిదానిని చూచినట్లు దేవుని యెదుటనే పలికితిని. నా నోటితో నూరుమంది చేత ఆమేన్ అనిపించితిని. లేని వార్తను పుట్టించుట మాత్రమే కాదు, దానిని ఎత్తుకొని తిరుగుటయు, దుష్కార్యమున గుంపు వెంట నడచుటయు కూడదని ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది (నిర్గమ. 23:1, 2). నేను ఆ రెండును చేసితిని.

ఆ కేసులో నన్ను ఇంకను సిగ్గుపరచు సంగతి ఒకటి కలదు. చనిపోయిన బిడ్డ తలిదండ్రులు, పట్టుబడిన ఆ యువకుడు అసలు దోషి కాడని మొదటినుండి చెప్పుచు వచ్చిరి. వారిది ముస్లిము కుటుంబము. తమ కడుపుకోతకు ఎవరినైన ఒకరిని చూపిస్తే చాలునని వారు అనుకొనలేదు. ప్రతీకారము కోరుటకు అందరికంటె ఎక్కువ కారణమున్న ఆ తల్లి, "వీడు కాడు" అని అధికారుల యెదుట చెప్పెను. ఆ మాట వలన ఆమెకు లాభమేమి? కేసు ముగియదు, కన్నీరు ఆరదు, మరల మొదటికి రావలెను. అట్లే జరిగెను. 2018లో హైకోర్టు మరల దర్యాప్తు చేయుమని సి.బి.ఐ.కి అప్పగించెను. కోర్టులో భద్రముగా నుండవలసిన ఆధారములు నాశనము చేయబడినవని తేలెను. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ బిడ్డ సమాధిని త్రవ్వి, అస్థులను మరల పరీక్షించిరి. కన్న బిడ్డ సమాధిని తెరవవలసి వచ్చుట ఎట్టి బాధయో తలంచుడి. తొమ్మిదవ ఆజ్ఞను గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిని. ఆ తల్లి జరిగించిన ప్రసంగము ముందర అవి నిలువవు.

అసలు ఆ పాపము చేసినది ఎవరో నేను వ్రాయను. నాకు తెలియదు, నేను చూడలేదు. ఈ రెండు మాటలు చెప్పుట నేర్చుకొనుటకు నాకు తొమ్మిదేండ్లు పట్టినది.

ఇక లేఖనములను చూతము. ప్రాణము తీయు నేరమును విచారించునప్పుడు ఒక్క సాక్షి మాటమీద ఎవనికిని మరణము విధింపరాదని, ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట సంగతి స్థిరపడవలెనని మోషే ఆజ్ఞాపించెను (సంఖ్యా. 35:30, ద్వితీ. 17:6; 19:15). ఒక్క పగవాని నాలుక చేత ఒక ప్రాణము పోకుండుటకు ఇది గోడవంటిది. అంతమాత్రమే కాదు. శిక్ష అమలగునప్పుడు మొదటి రాయి సాక్షియే వేయవలెను (ద్వితీ. 17:7). అనగా నీవు చెప్పిన మాట ఎంత బరువో నీ చేతికే తెలియవలెను. అబద్ధసాక్షి యని తేలినయెడల, ఎదుటివానికి ఏమి చేయదలచెనో అదే అతనికి చేయవలెను (ద్వితీ. 19:19).

అయితే లెక్క మాత్రమే చాలునా? నాబోతు సంగతి చూడుడి (1 రాజులు 21). ద్రాక్షతోట మీద అహాబు కన్నుపడెను. యెజెబెలు పంపిన తాకీదులో అంతయు పద్ధతి ప్రకారమే ఉండెను: ఉపవాస దినము, ఊరి పెద్దల సభ, నాబోతుకు గౌరవమైన చోటు, అతనికి ఎదురుగా సాక్షులు ఇద్దరు. ఒకరు తగ్గలేదు. అక్షరమునుబట్టి మోషే ధర్మశాస్త్రము నెరవేరినది. నిరపరాధి రాళ్ల క్రింద చచ్చెను. తాకీదు అందుకొనిన పెద్దలలో ఒక్కడైనను "ఇది మేము ఎరుగము" అని అనినట్లు వ్రాయబడలేదు. నాబోతును చంపినది ఇద్దరి అబద్ధమును, ఊరందరి మౌనమును.

మన దేశపు న్యాయచట్టము వేరొక మార్గమున అదే మేలు కోరుచున్నది. 1872 నాటి సాక్ష్య చట్టము 2024 జూలై 1 వరకు అమలులో నుండెను. ఆ దినమున భారతీయ సాక్ష్య అధినియమము దాని స్థానమున వచ్చెను. రెంటిలోను ఇంతమంది సాక్షులుండి తీరవలెనను లెక్క లేదు. నమ్మదగిన ఒక్క సాక్షియైనను చాలును. అయితే నోటి సాక్ష్యము స్వయముగా ఎరిగినదై యుండవలెను: చూచినదైతే చూచినవాడే, విన్నదైతే విన్నవాడే వచ్చి చెప్పవలెను. పోలీసు అధికారి యెదుట ఒప్పుకొంటినని చెప్పు మాట నిందితుని మీద రుజువుగా చెల్లదు. బాధపెట్టి ఒప్పించు అధికారము ఎవరి చేతిలో నున్నదో చట్టము చేసినవారికి తెలియును. చూచినవారు ఎవరును లేని కేసులలో చుట్టుపట్ల సంగతులను గొలుసువలె కూర్చి రుజువు చేయవలసి యుండును. ఆ గొలుసులో ఒక్క లంకెయు తెగియుండరాదని, నిందితుడు తప్ప మరియొకడు చేసియుండవచ్చునను సందునకు చోటుండరాదని 1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో సుప్రీం కోర్టు స్పష్టపరచెను.

మరుసటి సాయంకాలము ఆ సహోదరుడు వచ్చినప్పుడు ఇదంతయు అతనికి చెప్పలేదు. మన ప్రభువు విచారణను మాత్రము అతనితో కలిసి చదివితిని. ఆ రాత్రి అనేకులు వచ్చి సాక్ష్యము చెప్పిరి గాని వారి మాటలు ఒకదానితో ఒకటి పొసగలేదు (మార్కు 14:56). అప్పుడు కొందరు లేచి, చేతులతో కట్టబడిన ఈ దేవాలయమును తానే పడగొట్టెదనని ఇతడు చెప్పగా వింటిమనిరి (మార్కు 14:58). వారు బొత్తిగా లేనిది కల్పించిరా? ప్రభువు దేవాలయమును గూర్చి నిజముగానే మాటలాడెను. అయితే ఆయన చెప్పినది మీరు పడగొట్టుడి, నేను లేపుదును అని (యోహాను 2:19). "మీరు" అనుచోట "నేను" అని మార్చిరి. ఒక్క మాట!

ఆ సహోదరుడు బైబిలు మీద వ్రేలు అట్లే ఉంచి చాలసేపు ఊరకుండెను. తరువాత, "నా దగ్గర కూడా ఒక్క మాటే అడుగుతున్నారండి" అనెను.

అవును ప్రియులారా, అబద్ధసాక్ష్యము తరచుగా సగము నిజమును కట్టుకొనియే వచ్చును. గట్టు నిజము, కేక నిజము, పారిపోయిన మనిషి నిజము. వీపునకు ఒక ముఖము అతికించుటయే మిగిలినది. ఆ ముఖము ఎక్కడినుండి వచ్చును? కన్నులలోనుండి రాదు. ఊరి నోటిలోనుండి వచ్చును.

ఇక్కడ మరియొక జాగ్రత్త అవసరము. అబద్ధము చెప్పవలెనను తలంపు లేనివాడును తప్పుగా సాక్ష్యమీయవచ్చును. మన జ్ఞాపకము రాతి పలక కాదు, తడి మన్ను. తొక్కిన అడుగెల్ల దానిమీద పడును. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు కార్లు గుద్దుకొనిన చిత్రమును చూపి, అవి ఎంత వేగముతో పోవుచుండెనని అడిగిరి. కొందరిని అడుగునప్పుడు "తగిలినప్పుడు" అని, కొందరిని అడుగునప్పుడు "నుగ్గునుగ్గుగా గుద్దుకొనినప్పుడు" అని మాట మార్చిరి. పెద్ద మాట విన్నవారు పెద్ద వేగము చెప్పిరి. వారము తరువాత అడిగినప్పుడు, అద్దము పగులుట చూచితిమని చెప్పినవారు, చిన్న మాట విన్నవారిలోకంటె వీరిలో ఎక్కువగా నుండిరి. చిత్రములో పగిలిన అద్దమే లేదు! వీరిలో ఎవరును అబద్ధికులు కారు. అడిగినవాని మాట వారి కంటిలో పడినది. డి.ఎన్.ఎ. పరీక్షల వలన అమెరికాలో నిర్దోషులని తేలినవారి కేసులలో, సగముకంటె ఎక్కువ వాటిలో సాక్షులు మనిషిని తప్పుగా గుర్తించియుండిరి. ఆ సాక్షులలో అనేకులు మంచి మనస్సాక్షితోనే వ్రేలు చూపినవారు.

గనుక చూచిన దినముననే చూచినంత చెప్పుట మంచిది. నలుగురిలో కూర్చుండి పదిసార్లు ముచ్చటించిన కొలది మన కన్ను చూచినదేదో, పొరుగువాడు చెప్పినదేదో మనకే తెలియకుండ పోవును. మొదట మాటలాడువాడు న్యాయవంతునివలె తోచును; ఎదుటివాడు వచ్చి పరిశోధించినప్పుడు గదా సంగతి తెలియును (సామె. 18:17). ప్లీడరుగారు అడుగు అడ్డు ప్రశ్నలు మనకు కోపము తెప్పించును గాని, జ్ఞాపకములో కలిసిన మట్టిని కడుగుటకు అవి దేవుడిచ్చిన నీళ్లవంటివి. ముఖము చూచితినని మన సహోదరుడు చెప్పినయెడల ఏమి జరుగునో కూడ అతనికి చూపితిని. పోలీసులు మొదట వ్రాసికొనిన వాఙ్మూలములో ఆ మాట లేదు. నిందితుని ప్లీడరు దానిని పట్టుకొని, "ఇన్నాళ్లు లేని ముఖము నేడెక్కడినుండి వచ్చెను?" అని అడుగును. కలిపిన అబద్ధము, దానితో ఉన్న నిజమును కూడ నీటిలోనికి లాగును.

అయితే అబద్ధము పట్టుబడును గనుక ఆడరాదని చెప్పుట సువార్త కాదు, అది తెలివి మాత్రమే. పట్టుబడకపోయిన యెడల? అతడు అడిగినది ఆ ప్రశ్ననే. "ఎవరూ పట్టుకోలేకపోతే, వాడికి నిజంగానే శిక్ష పడితే, అప్పుడు తప్పేముందండి?"

దీనికి నాకు లేఖనములలో దొరికిన జవాబు ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము మొదటి తొమ్మిది వచనములలో నున్నది. మనము ఎక్కువగా చదువని భాగమది. పొలములో ఒకని శవము కనబడినది, చంపినవాడెవడో తెలియదు. ఏమి చేయవలెను? పెద్దలును న్యాయాధిపతులును బయలుదేరి, శవము పడియున్న చోటినుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరదో ఆ ఊరి పెద్దలు, కాడి మోయని పెయ్యను తీసికొని, దున్నని లోయలో పారు ఏటి యొద్దకు దిగవలెను. దాని మెడ విరువవలెను. దానిమీద చేతులు కడుగుకొని, మా చేతులు ఈ రక్తమును ఒలికింపలేదు, మా కన్నులు దీనిని చూడలేదని దేవుని యెదుట చెప్పి క్షమాపణ వేడుకొనవలెను.

గమనించుడి. హంతకుడు తెలియనప్పుడు ఎవనినైన ఒకని తెచ్చి నిలువబెట్టుడని దేవుడు చెప్పలేదు. ఊరి కోపము చల్లారుటకు ఒక బీదవాని పట్టుకొనుడని చెప్పలేదు. తెలియదను మాటను తెలియదనియే చెప్పమనెను. అయితే తెలియదని చెప్పి చేతులు దులుపుకొని యింటికి పొమ్మనియు చెప్పలేదు. దూరము కొలువుమనెను. ఆ రక్తము ఏ ఊరికి దగ్గరగా ఒలికెనో ఆ ఊరు దానిని తన దుఃఖముగా మోయవలెను. న్యాయము జరుగనప్పుడు కలుగు బాధను దేవుడు ఎరుగును. దానిని తన యొద్దకు తెచ్చుటకు మార్గము ఏర్పరచెను. అబద్ధముతో దానిని పూడ్చుటకు మాత్రము సెలవీయలేదు.

ఇబ్రహీంపట్నమునుండి దూరము కొలిచినయెడల మన ఊళ్లు ఎంత దూరమున నున్నవి? అంత దూరము కొలుచుటకు మారుగా నేను 2008లో హల్లెలూయా అంటిని.

అతనితో నేను ఇట్లంటిని: "తమ్ముడూ, న్యాయాధిపతి నిన్ను తీర్పు అడుగుట లేదు, నీ కన్నులను అడుగుచున్నాడు. నీ కన్నులు చూచినంత ఇచ్చిరా. మిగిలినది నీది కాదు. నీవు ముఖము కలిపితివా, ఆయన కుర్చీలో నీవు కూర్చుండినట్లే. దేవుని కుర్చీలో కూడ. ఇంకొక మాట. నేడు నీ అబద్ధము దోషి మీదనే పడుననుకొందము. ముఖము చూడకుండ చూచితిననుట మన ఊరికి అలవాటైనచో రేపది ఎవనిమీద పడును? ప్లీడరుకు ఫీజు కట్టలేనివాని మీదనే పడును. అట్టివారు మన పేటలో ఎందరున్నారో నీకు తెలియును."

మరియొక వైపు కూడ చెప్పకుండ విడువరాదు. ఇదంతయు విని, "అయితే మనకెందుకు, సాక్ష్యమే చెప్పకుండ ఉందము" అనుకొనువారు ఉందురు. చూచియు తెలిసియు నోరు విప్పనివాడు ఆ దోషమును తానే మోయునని లేవీయకాండము 5:1 చెప్పుచున్నది. వీపు చూచినవాడు వీపు చూచితినని చెప్పి తీరవలెను. దానికి ధైర్యము కావలెను. 1985 జూలై 17న కారంచేడులో మన దళిత సహోదరులమీద దాడి జరిగి ఆరుగురు హతులైనప్పుడు, ముఖ్య సాక్షులలో ఒకతె దుడ్డు అలీసమ్మ. కేసు ముగియకముందే ఆమె హత్య చేయబడెను. సుప్రీం కోర్టు చివరి తీర్పు వచ్చుటకు 2008 డిసెంబరు వరకు, అనగా ఇరువదిమూడేండ్లు పట్టెను. సాక్షికి గ్రీకు బైబిలులో వాడిన మాటయు, హతసాక్షి అను అర్థముతో లోకమంతట వాడుచున్న మాటయు ఒకటేనని సెమినరీలో మాకు నేర్పిరి. కారంచేడు పేరు విన్నప్పుడెల్ల ఆ పాఠము నాకు జ్ఞాపకము వచ్చును.

భయమున్నవారు ఒక సంగతి తెలిసికొనుడి. 2018 డిసెంబరు 5న సుప్రీం కోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, దేశమంతట దానిని చట్టమువలె పాటింపవలెనని చెప్పెను. దాని ప్రకారము ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతను ఒక సంఘముండును. బెదిరింపులకు గురియగు సాక్షి రక్షణ కొరకు దానికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ఆ సహోదరుడు వాయిదా దినమున కోర్టునకు వెళ్లెను. నేనును అతనితో బస్సెక్కితిని. బోనులో నిలిచి, దేవుని యెదుట నిజము చెప్పెదనని ప్రమాణము చేసి, కేక, గట్టు, తువ్వాలు, పొడుగు, అన్నియు చెప్పెను. "ముఖం చూశావా?" అని అడిగిరి. "లేదండి. నేను చూసింది వీపేనండి" అనెను. ఆ మాట అనునప్పుడు అతని చేతులు బోను కర్రను గట్టిగా పట్టుకొనియుండెను. వెనుక బెంచీమీద కూర్చున్న బంధువులు లేచి బయటికి పోయిరి.

ఆ కేసు ఇంకను నడుచుచున్నది. దాని ఫలితము నాకు తెలియదు. అతనికి కలిగిన నష్టము మాత్రము తెలియును. బంధువులు అతని యింటి గడప త్రొక్కుట మానిరి. చనిపోయినవాని భార్య అతనితో మాటలాడుట లేదు. నేను ఆ రెండిండ్లకును వెళ్లుచున్నాను; ఆమె యొద్ద కూర్చున్నప్పుడు చెప్పుటకు నాకు మాటలు దొరకవు, ప్రార్థన మాత్రము చేసి వత్తును. సలహా చెప్పినవాడను నేను, వెల చెల్లించువాడు అతడు. ఈ సంగతి నా మనస్సునకు బరువుగా నున్నది. అయినను నేను చెప్పినది తప్పని అనుకొనను. మనము ఆ బరువును అతనికి ఒంటరిగా విడిచితిమేయని అనుకొనుచున్నాను.

గనుక సంఘమునకు నా మనవి ఇది. మనలో ఎవరికైనను కోర్టు సమను వచ్చినప్పుడు, సంఘపు పెద్దలు ఇద్దరు అతనితో కూడ వెళ్లుదురు గాక. ఏమి చెప్పవలెనో నేర్పుటకు కాదు, ప్రక్కన కూర్చుండుటకు మాత్రమే. కోర్టువారు ఇచ్చు బత్తా ఏపాటిదైనను, ఆ దినపు కూలి పోయిన యింట పొయ్యి వెలుగునట్లు చూతము. అతని గేదెకు గడ్డి వేయుదము. నిజము చెప్పినందుకు వెలివేయబడినవానిని ఆదివారము మన చాపమీద మన ప్రక్కననే కూర్చుండబెట్టుకొందము. తన మనిషిని పోగొట్టుకొనిన ఆ యింటిని కూడ మరువకుందము. వారి కోపము వెనుక నున్నది దుఃఖమే. ఇక పత్రికలో, టీవీలో, చేతిలోని సెల్‌ఫోనులో ఒకని ముఖము చూపి "ఇతడే" అన్నప్పుడు, ఆమేన్ అనకముందు ఆ మామ్మగారి ప్రశ్నను జ్ఞాపకము చేసికొందము: మీరు చూశారా?

ప్రార్థన: నమ్మకమైన సాక్షివైన యేసు ప్రభువా, అబద్ధసాక్షుల చేత నీవు అప్పగింపబడితివి. చూడనిదానిని చూచితిమని పలికిన మా నాలుకలను క్షమించుము. చూచినదానిని దాచిన మా భయమును క్షమించుము. బిడ్డలను పోగొట్టుకొని న్యాయము కొరకు కనిపెట్టుచున్న తల్లులను ఓదార్చుము. నేరము చేయక చెరలోనున్నవారిని విడిపించుము. బోనులో నిలిచినవారి ప్రక్కన నీవు నిలువుము. ఆమేన్.